మూల మడవని ఈసీజీ

2024 ఫిబ్రవరి ఆఖరి వారం. కోటప్పకొండ తిరునాళ్ళకి ఇంకా పది రోజులుంది. ఆ రోజుల్లో మా నరసరావుపేటలో ఆసుపత్రులు కాస్త పలచబడతాయి. ప్రభలు కట్టే ఊళ్ళలో మగవాళ్ళు గుండెల్లో పొడిచినా సరే, “తిరునాళ్ళ అయినాక చూపిచ్చుకుంటాలే” అని వాయిదా వేస్తారు. బస్టాండుకి నడిచి వెళ్ళేంత దూరంలో ఉన్న ఒక గుండె డాక్టరుగారి క్లినిక్కులో నేను ఈసీజీ టెక్నీషియన్ని. అప్పటికి చేరి పందొమ్మిదేళ్ళయింది. పేరు నాగమల్లేశ్వరి. డాక్టరుగారు మాత్రం మొదటి రోజునుంచీ మల్లేశ్వరీ అనే పిలుస్తారు.

ఈసీజీ అంటే అందరికీ తెలిసిందే. ఛాతీ మీదా, చేతులకీ కాళ్ళకీ తీగలు తగిలిస్తే గుండె కొట్టుకునే తీరు గులాబీ రంగు గళ్ళ కాయితం మీద గీతగా పడుతుంది. ఆ గీతని చదవాల్సింది డాక్టరు. టెక్నీషియన్ పని తీగలు పెట్టడం, కాయితం చింపి ఇవ్వడం, అంతే. కానీ రోజుకి ముప్పై నలభై మందిని పడుకోబెట్టి లేపుతుంటే గీతలో లేనివి కూడా కనబడతాయి. మంచం ఎక్కేటప్పటి ఆయాసం, చల్లటి చెమట, పక్కనున్న మొగుడికి వినబడకుండా చెప్పే మాట. ఇవన్నీ విడమరిచి చెప్పడానికి నాకు తీరిక ఉండదు, వినడానికి ఆయనకీ ఉండదు. అందుకని నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరినైనా ఊరికే పంపకూడదనిపిస్తే వాళ్ళ ఈసీజీ కాయితం కుడివైపు పైమూల చిన్నగా మడిచి ఫైల్లో పెట్టేదాన్ని. దీని గురించి మేమిద్దరం ఒక్కసారి కూడా మాట్లాడుకోలేదు. మడత కనబడితే ఆయన ఆ మనిషిని ఇంకో నాలుగు ప్రశ్నలు అడిగేవారు. ఎకో తీసేవారు, లేదా ట్రెడ్‌మిల్ ఎక్కించేవారు. ట్రెడ్‌మిల్ అంటే కదిలే పట్టా మీద నడిపిస్తూ ఈసీజీ తీసే పరీక్ష.

అట్లాంటి నా కాపురంలోకి అంతకుముందు దీపావళికి సవతి వచ్చింది.

సవతి అంటే మనిషి కాదు. పలకంత ట్యాబ్, అందులో ఒక ఏఐ సాఫ్ట్‌వేర్. పేషెంటు వయసు, ఆడా మగా, బీపీ, షుగరు, నొప్పి ఎట్లా వస్తుంది, ఎప్పుడు తగ్గుతుంది అని అది వరసగా అడుగుతుంది. నేను నొక్కుతూ పోవాలి. ఈసీజీ కాయితం మీద పడుతూనే నేరుగా దానిలోకీ వెళ్ళిపోతుంది. అన్నీ చూసుకుని అది ఒక రంగు చూపిస్తుంది. ఆకుపచ్చ వస్తే ఇప్పటికి ఏ పరీక్షా అక్కర్లేదు. పసుపు వస్తే ట్రెడ్‌మిల్లో, గుంటూరు పంపి సీటీ యాంజియోనో చేయించాలి. సీటీ యాంజియో అంటే చేతి నరంలోకి మందు ఎక్కించి గుండె నాళాల్ని ఫొటో తీయడం. ఎరుపు వస్తే ఇక ఆలోచించకుండా యాంజియోగ్రామ్‌కి పంపాలి. చివరి మాట డాక్టరుదే అని అది ప్రతిసారీ కింద చిన్న అక్షరాల్లో రాస్తుంది. ఆ వినయం చూస్తే నాకు మరీ మండేది.

మంచి చెప్పాలంటే అది పనికొచ్చే వస్తువే. అంతకుముందు ఛాతీలో మంట అన్న ప్రతివాళ్ళకీ పరీక్షలు రాయాల్సి వచ్చేది. ఇప్పుడు అక్కర్లేనివాళ్ళు ధైర్యంగా ఇంటికి పోతున్నారు. అది నాకు తెలుసు. తెలిసీ ఓర్వలేకపోయాను. డాక్టరుగారు గదిలోంచి అడిగే మాట మారిపోయింది మరి. ఇదివరకు, “మల్లేశ్వరీ, నీకేమనిపిస్తోంది?” అనేవారు. ఇప్పుడు, “మల్లేశ్వరీ, అదేమంటోంది?” అంటున్నారు. మొదట్లో నేను మూలలు మడిచి ఫైల్లో పెడుతూనే ఉన్నాను. ఆయన కళ్ళు ట్యాబ్ మీదే ఉండేవి. ఒకసారి ఆకుపచ్చ వచ్చిన ముసలాయన్ని కూడా ట్రెడ్‌మిల్ ఎక్కించారు. తరవాత దాని రంగు మారిందేమో అనుకున్నాను తప్ప, ఎందుకని అడగలేదు.

నా కుళ్ళు ఎంతదాకా పోయిందంటే, రెండుసార్లు దాన్ని ఛార్జింగ్ పెట్టడం మర్చిపోయాను. మర్చిపోయానని డాక్టరుగారికి చెప్పాను గానీ, మర్చిపోలేదు. మా ఆయన పత్తి మిల్లులో గుమస్తా. నేను ఇంటికి రాగానే నవ్వుతూ, “ఏమే, ఇయ్యాల నీ సవతి ఏమందంట?” అని అడిగేవాడు. నేను కంచం చప్పుడయ్యేటట్టు పెట్టేదాన్ని. “పోనీలేవే, అదేం జీతం అడగలా, నీ కుర్చీ అడగలా” అనేవాడు. కుర్చీ అడిగినా ఇచ్చేసేదాన్నేమో. అది తీసుకున్నది నన్నడిగే ఆ ఒక్క ప్రశ్నని. ఆ సంగతి మా ఆయనకి చెప్పినా అర్థం కాదని చెప్పలేదు.

ఇంతలో ఒక ముచ్చట జరిగింది. గురజాల వైపునుంచి ఒక పెద్దమనిషి వచ్చాడు. పొలాలున్న మనిషి, ఊళ్ళో పార్టీ మనిషి, వెంట ఇద్దరు ముగ్గురు. తల ముగ్గుబుట్ట. వయసు అడిగితే, “చూస్తే తెలవట్లా?” అన్నాడు. సరే తెలుస్తోంది కదా అని నేను అరవై ఆరు వేశాను. ఎరుపు వచ్చింది. తీరా చూస్తే ఆయనకి యాభై నాలుగు. తలనెరుపు వాళ్ళ వంశంలోనే ఉందట. “నన్ను ముసలోణ్ణి జేసి కోతకి పంపుతారా? ఎవురామె?” అని హాలంతా వినబడేటట్టు కేకలు వేశాడు. డాక్టరుగారు బయటికొచ్చి అందరి ముందూ అన్నారు:

“మల్లేశ్వరిగారూ, ఇకనుంచి ఆధార్ కార్డులో ఉన్న వయసే వెయ్యండి. మీ ఊహలు దానికి పెట్టొద్దు.”

గారూ అన్నారు. మీ అన్నారు. పందొమ్మిదేళ్ళలో ఆయన నన్ను తిట్టినప్పుడు కూడా నువ్వనే తిట్టారు. నాకు తల కొట్టేసినట్టయింది. ఆ రోజునుంచి మూలలు మడవడం మానేశాను. ఎవరు చూడొచ్చారని మడవాలి? కార్డులో ఉన్నది వెయ్యడం, అది చూపించిన రంగు చెప్పడం, ఇంటికి పోవడం. అట్లా పది రోజులు గడిచాయి.

పదకొండో రోజున మీరాబీ వచ్చింది.

నకరికల్లు నుంచి వచ్చారు మొగుడూ పెళ్ళాలు. మొగుడి పేరు బాజీ. పరుపులు కుట్టడం వాళ్ళ పని. మీరాబీ సన్నటి మనిషి, తలమీద నల్లటి ముసుగు, ముసుగు అంచున గోరింటాకు పెట్టిన ఎర్రటి జుట్టు. జాకెట్టు చేతుల మీద ఇంకా దూది పీచు అంటుకుని ఉంది. మంచం మీద పడుకోబెట్టి, చల్లగా ఉంటుందని చెప్పి జెల్ రాస్తూ, “ఏందక్కా ఇబ్బంది?” అన్నాను.

“గ్యాసమ్మా. ఛాతీలో మంట. ఇక్కడ దవడ కాడికి లాగుద్ది.”

“ఎప్పుడొస్తంది? తిన్నాకా?”

“తిన్నాక గాదు. పరుపు ఎత్తి మేడ మీద ఎండకేసేటప్పుడు. మెట్లెక్కితే చాలు, వచ్చేస్తంది. కూచుంటే పోద్ది. దూది దుమ్ము గదా, లోపలికి పోయి గ్యాస్ పడతంది అంటాడు ఈయన.”

“సోడా తాగితే తగ్గుద్ది మేడమ్” అన్నాడు బాజీ తలుపు దగ్గరనుంచి.

నా చేతులు తీగలు పెడుతున్నాయి గానీ చెవులు నిక్కబొడుచుకున్నాయి. మా పల్నాడులో గుండెకి మారుపేరు గ్యాస్. మెట్లెక్కితే వచ్చి కూర్చుంటే పోయే గ్యాస్‌ని పందొమ్మిదేళ్ళలో చాలాసార్లు చూశాను. మామూలుగా అయితే మూల అప్పుడే మడిచేసేదాన్ని. ఈసీజీ తీశాను. గీత శుభ్రంగా ఉంది. దానికి నేను మోసపోను. పడుకున్న మనిషి గుండెకి శ్రమేం ఉంది? శ్రమ లేనప్పుడు గీత ఎంతమందిలోనో బాగానే ఉంటుంది.

వయసు కోసం కార్డు అడిగాను. పుట్టిన తేదీ జనవరి ఒకటి. మా క్లినిక్కుకి వచ్చే ఊళ్ళవాళ్ళలో సగం మంది జనవరి ఒకటినే పుట్టారు. పుట్టినరోజు తెలియని వాళ్ళందరికీ అదే. లెక్కేస్తే ముప్పై తొమ్మిది వచ్చింది. అంటే నాకంటే ఐదేళ్ళు చిన్నది. నేనేమో వచ్చినప్పటినుంచీ అక్కా అక్కా అంటున్నాను.

“పిల్లలెంతమందక్కా?”

“నలుగురమ్మా. పెద్దదానికి మొన్న ముప్పై మూడు నిండినయ్. దాని కొడుకు ఈ ఏడు టెన్త్ రాస్తన్నాడు.”

నాకు నవ్వొచ్చింది. “అయితే ఆరేళ్ళప్పుడే కన్నావా?”

ఆమె కూడా పడుకునే నవ్వింది. “కార్డు రాపిచ్చేటప్పుడు ఈయన్నడిగితే, నోటికొచ్చిన నెంబరు చెప్పాడు. పెళ్ళాం వయసు మొగుడికేం తెలుసుద్ది? నాకు యాభై దాటినయ్. మా అమ్మ చెప్పిన కాడికి యాభై రెండు. నెలసరి ఆగిపోయి గూడా ఏడేళ్ళయింది.”

“అప్పుడు లైన్లో చానా మంది ఉన్నారు మేడమ్, తొందరలో చెప్పా” అని బాజీ తల గోక్కున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగి నిజం చెప్పాలి. నా చేతిలో ట్యాబ్ ఉంది. వయసు అని రాసున్న గడి ఖాళీగా ఉంది. యాభై రెండు అని నొక్కడానికి క్షణం పట్టదు. నలభై ఐదు దాటిన ఆడవాళ్ళనైతే అది నెలసరి ఆగిందా లేదా అని కూడా అడుగుతుంది. ఆగినాక ఆడవాళ్ళ గుండెకి ప్రమాదం పెరుగుతుందని దానికి తెలుసు. అన్నీ తెలిసిన మహాతల్లి. మరి ఇది కూడా దానికే తెలియాలి కదా అనుకున్నాను. కార్డులో ఉన్నదే వెయ్యమన్నారు కదా, వేస్తాను. నా ఊహలు అక్కర్లేదన్నారు కదా, పెట్టను. అది ఆకుపచ్చ చూపిస్తుంది, ఎప్పటికో ఒకప్పుడు తప్పని తేలుతుంది. అప్పుడు ఆయనే నా దగ్గరికొచ్చి అడుగుతారు.

ముప్పై తొమ్మిది నొక్కాను.

మిగతా ప్రశ్నలన్నిటికీ నిజమే వేశాను. శ్రమ పడితే వస్తుందా, అవును. కూర్చుంటే తగ్గుతుందా, అవును. వయసొక్కటే అబద్ధం. అది కాసేపు తిరిగి తిరిగి, ఒక్క క్షణం అనుమానపడినట్టుగా అనిపించి, ఆకుపచ్చ చూపించింది. నాకు సంతోషం వేసింది. ఒక మనిషి మంచం మీద పడుకుని ఉంటే, నాకు సంతోషం వేసింది. ఇంత నీచంగా ఉండగలనని నాకు అంతకుముందు తెలియదు.

డాక్టరుగారి గదిలోకి ఫైలు పట్టుకెళ్ళి నిలబడ్డాను. ఆయన మీరాబీ ఛాతీ విన్నారు, కాళ్ళ వాపు చూశారు, దూది పని గురించి అడిగారు. ట్యాబ్ చూశారు. ఫైలు తెరిచి కాయితం ఒకసారి ఎత్తి చూసి మూసేశారు. నా వైపు తిరిగి, “అన్నీ సరిగ్గా వేశావు కదా?” అన్నారు. ఈసారి నువ్వనే అన్నారు. నేను దాన్ని కూడా పట్టించుకోలేదు.

“కార్డులో ఉన్నదే వేశాను సార్.”

ఆయన తలూపి కడుపు మంట తగ్గడానికి మాత్రలు రాశారు. దూది దగ్గర ముక్కుకి గుడ్డ కట్టుకోమన్నారు. రెండు వారాల తర్వాత మళ్ళీ రమ్మన్నారు. మీరాబీ మొహం విప్పారింది. బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటూ నా చెయ్యి పట్టుకుంది.

“ఆ పలక సంగతి నాకేం తెలుసుద్ది చెల్లె. నువ్వు అన్నీ అడిగి చూశావు, నువ్వు పొమ్మన్నావు. నాకు అదే ధైర్యం.”

వాళ్ళు వెళ్ళిపోయారు. పేషెంట్లు లేరు. నేను క్యారియర్ విప్పి అన్నంలో గోంగూర కలుపుకున్నాను. మొదటి ముద్ద నోటిదాకా తెచ్చి మళ్ళీ క్యారియర్‌లోనే పెట్టేశాను. “నువ్వు పొమ్మన్నావు” అన్న మాట గుర్తొచ్చింది. నేను పొమ్మనలేదే, పొమ్మన్నది ట్యాబ్ కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ ట్యాబ్‌కి చెప్పిందెవరు? దాన్ని ఓడించడానికి ఆ ఆడమనిషిని తీసుకెళ్ళి పణంగా పెట్టింది నేను. అది తప్పని తేలే రోజంటే ఏ రోజు? మీరాబీ పరుపు ఎత్తుకుని మెట్ల మీద పడిపోయే రోజు. అంతవరకూ నాకు ఆ ఆలోచనే రాలేదు. చేతులైనా సరిగ్గా కడుక్కోకుండా స్కూటీ తీశాను.

బస్టాండు మూడు నిమిషాలు. నాకు మూడు గంటల్లా ఉంది. నకరికల్లు మీదుగా పోయే పిడుగురాళ్ళ బస్సు ఆగేచోట వాళ్ళు లేరు. వెనక్కి తిరిగితే బయట సోడా బండి దగ్గర బాజీ కనబడ్డాడు. మీరాబీ పక్కనే అరుగు మీద కూర్చుని ఉంది. ముసుగు సగం జారిపోయింది. మొహం పాలిపోయి, పై పెదవి మీద చెమట.

“ఏందన్నా ఇదీ?”

“క్లినిక్కు కాణ్ణుంచి నడిచొచ్చాం గదమ్మా. మళ్ళీ గ్యాస్ కొట్టింది. బస్సు పోయినా పోయిందిలే, సోడా తాగిపిద్దామని...”

“ఆ సోడా అవతల పారెయ్” అని అరిచాను. పాపం, ఆయన చేతిలోంచి సీసా జారిపోయింది. “అక్కా, లెగు. నా మెడ చుట్టూ చెయ్యెయ్యి.”

“ఏమైంది చెల్లె?”

“ఏం కాలా. ఒక మాట మర్చిపోయా. పద.”

ఆమెని వెనక కూర్చోబెట్టుకున్నాను. ఆమె వెనక బాజీ సగం సీటు మీద వేలాడుతూ కూర్చున్నాడు. దారి పొడుగునా ఆమె నుదురు నా వీపుకి ఆని ఉంది. చెమట నా జాకెట్టులోంచి తగులుతోంది. నాకు తెలిసిన దేవుళ్ళందర్నీ తలుచుకున్నాను, త్రికోటేశ్వరుణ్ణి పేరుపెట్టి మరీ పిలిచాను. వాళ్ళ దేవుణ్ణి కూడా వదల్లేదు.

క్లినిక్కులో పడుకోబెట్టి ఈసీజీ తీస్తే గీత మారిపోయింది. పొద్దున చదునుగా ఉన్న చోట కిందికి జారింది. అంటే ఆ క్షణంలో గుండెకి రక్తం చాలడం లేదు. డాక్టరుగారు నాలుక కింద మాత్ర పెట్టారు, నమలడానికి ఇంకొకటి ఇచ్చారు, సూది చేశారు. అంబులెన్స్‌కి ఫోన్ చేశారు. పావుగంటకి నొప్పి తగ్గింది. గీత కాస్త పైకి లేచింది. గుంటూరులో ఆయన స్నేహితుడికి విషయం చెప్పి పంపించారు. సాయంత్రానికి కబురొచ్చింది. ఎడమ వైపు పెద్ద నాళం మూసుకుపోవడానికి వెంట్రుకవాసి దూరంలో ఉందట. స్టెంటు వేశారు. స్టెంటు అంటే మూసుకుపోయే నాళాన్ని తెరిచి ఉంచే సన్నటి జాలీ గొట్టం. మీరాబీ మాట్లాడుతోందన్నారు.

అంబులెన్స్ వెళ్ళిన తర్వాత మాత్రం నేను డాక్టరుగారి ముందు నిలబడాల్సి వచ్చింది.

“వాళ్ళ కోసం బస్టాండుకి ఎందుకు వెళ్ళావు?” అని అడిగారాయన.

ఉన్నది చెప్పేశాను. “ఆమెకి యాభై రెండు సార్. కార్డు తప్పు. నాకు తెలుసు.”

“ఎప్పుడు తెలిసింది?”

“వెయ్యకముందే.”

ఆయన ట్యాబ్ దగ్గరికి లాక్కున్నారు. పొద్దుటి వివరాలు తెరిచి వయసు మార్చారు. అది వెంటనే నెలసరి గురించి అడిగింది. ఏడేళ్ళని వేశారు. ఈసారి పసుపు వచ్చింది. సీటీ యాంజియో చేయించండి, ఆలస్యం వద్దు అని రాసింది. అదే పొద్దుటి ఈసీజీ, అదే బీపీ. నిజం చెబితే అది నిజమే చెప్పింది. అబద్ధమెందుకు, అప్పుడు కూడా నాకు దాని మీద మంటగానే ఉంది.

“మరి ముప్పై తొమ్మిది ఎందుకు వేశావు?”

“అది తప్పు చెబితే చూడాలని సార్.”

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. అరుస్తారని, పొమ్మంటారని ఎదురుచూశాను. ఆయన మీరాబీ ఫైలు తెరిచి పొద్దుటి కాయితం పైకి తీశారు. కుడివైపు పైమూలని బొటనవేలితో తడిమారు.

“మడవలేదేం?”

ఎప్పుడూ మాట్లాడుకోని సంగతి అది. “మీరు చూడటం లేదు కదా సార్” అన్నాను.

“ఎవరు చెప్పారు?” అన్నారు. “ట్యాబ్ వచ్చిందగ్గర్నుంచి రోజూ చూస్తున్నాను. రంగు చూసి, మూల చూసి పంపిస్తున్నాను. ఆకుపచ్చ వచ్చినా మడత ఉందని ఆ ముసలాయన్ని ట్రెడ్‌మిల్ ఎక్కించలేదా? ఈమెకి మెట్లెక్కితే వస్తుందంటే నాకూ అనుమానం వచ్చింది. మూల చూశాను. మడత లేదు. మల్లేశ్వరి అన్నీ అడిగే ఉంటుంది కదా, ఏమీ లేదంటోంది కదా అని పంపించేశాను.”

నేను ఆ గదిలోంచి బయటికి ఎట్లా వచ్చానో నాకు గుర్తులేదు. బాత్రూంలో కుళాయి తిప్పి ఏడిచాను. సవతి సవతి అని నేను ఇంట్లో కంచాలు విసిరినన్నాళ్ళూ, ఆయన నా మడత కోసం వెతుకుతూనే ఉన్నారు. పది రోజులు నేను అలిగి మూలలు మడవకపోతే, ఆయన ఆ పది రోజులూ నా మాట మీదే మనుషుల్ని ఇళ్ళకి పంపారు. ఆ పదిరోజుల రిజిస్టరు తీసి ఒక్కొక్కరికీ ఫోన్ చేశాను. ముగ్గుర్ని మళ్ళీ రమ్మన్నాను. దేవుడి దయవల్ల ఎవరికీ ఏమీ లేదు. డాక్టరుగారు నన్ను మాన్పించలేదు. వారం రోజులు మాత్రం గారూ, మీరూ అన్నారు. అది నాకు తగిందే.

ఇప్పుడు కార్డు అడగక ముందే, “పెద్ద బిడ్డకి ఎన్నేళ్ళు?” అని అడుగుతాను. తల్లి తన వయసు మర్చిపోతుంది గానీ బిడ్డ వయసు మర్చిపోదు. కార్డుకీ దానికీ పొసగకపోతే డాక్టరుగారికి చెప్పి, ఇద్దరం కూర్చుని వయసు తేల్చుకున్నాకే ట్యాబ్‌లో వేస్తాను. ఆ పలక దానంతట అది ఎవరినీ మంచం ఎక్కించి మాట్లాడించలేదు. నా చేత్తో నేనిచ్చిందే దానికి తెలుస్తుంది. అంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు ఇంకొకరి ప్రాణం మీదికి రావాల్సి వచ్చింది. కుళ్ళు పోయిందా అంటే పూర్తిగా పోలేదు. డాక్టరుగారు దాన్ని మెచ్చుకుంటే ఇప్పటికీ చురుక్కుమంటుంది. కానీ ఛార్జింగ్ మాత్రం రోజూ పెడుతున్నాను.

రెండు నెలలకి మీరాబీ, బాజీ మళ్ళీ వచ్చారు. ఆమె చేతిలో కొత్త దిండు, నీలం రంగు పూల గలేబు. “నీ కుర్చీలోకి చెల్లె. నా చేత్తో ఏకిన దూది” అంది. “డాక్టరుగారు చెప్పారు, సరైన వయసు ఏస్తే ఆ పలక కరెష్టుగా చెప్పిందంట గదా. దానికీ దండం పెట్టాల.”

ఆ దిండు తీసుకోవడానికి నాకు చేతులు రాలేదు. తీసుకుని ఊరుకుంటే ఎవరికీ తెలియదు. నేను తెలిసే తప్పు వేశానని డాక్టరుగారు వాళ్ళకి చెప్పలేదు.

“అక్కా, ఆ రోజు నువ్వు వయసు చెప్పావు. నేను కావాలనే తప్పేశాను. దాని మీద కోపంతో.”

బాజీకి ముందు అర్థం కాలేదు. అర్థమయ్యాక ఒక్క ఊపున లేచాడు. “తెలిసి ఏశావా? ఏమ్మా, నా మడిసి పోతే? నా పిల్లలకి ఏం జెప్పేదానివి?”

తలొంచుకుని నిలబడ్డాను. బాజీ దిండు లాక్కుని చంకలో పెట్టుకున్నాడు. మీరాబీ నా మొహంలోకి చూసింది. కోపమో జాలో తెలియలేదు. తరవాత మొగుడి చంకలోంచి దిండు తీసుకుంది. నా కుర్చీ వైపు రాలేదు. ఈసీజీ మంచం దగ్గరికి వెళ్ళి, తలవైపు దాన్ని సర్దింది.

“ఇక్కడుంటే వచ్చినోళ్ళు తల పెట్టుకుంటారు” అంది. ఆ దిండు మీదే తల పెట్టుకుని పడుకుంది. “ఊఁ, తీగలు పెట్టు. యాభై రెండని ఏసుకో. ఇంకెవురికీ ఇట్టా జేయబాక చెల్లె.”

వేశాను. ఈసీజీ తీశాను. గీత బాగానే ఉంది. అయినా మూల మడిచాను.